వెన్నెల తలాపున

లేవను, అనుకుంది ఫేబీ. పైకి అనలేదు. కుర్చీని ఇంకాస్త ముందుకి లాక్కుని, ఎక్స్‌రే తగలకుండా వేసుకున్న సీసపు కోటు బరువుకి కుంగిపోతున్న భుజాల్ని ఒకసారి ఎగరేసి, మళ్ళీ పాప ముఖం మీదికి వంగింది. వెన్నెల నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నాలుగేళ్ళ పిల్ల. ముందు పళ్ళ మధ్య సందు, పై పెదవి మీద పొద్దున ఏడ్చినప్పటి చీమిడి చార ఎండిపోయి ఉంది. దాన్ని తుడవాలనిపించింది, తుడిచింది. మెడ నుంచి కిందికి పాప ఎవరికీ కనపడదు, అంతా ఆకుపచ్చ గుడ్డల కింద ఉంది. ఆ గుడ్డల్లో తొడ దగ్గర చిన్న కంత, ఆ కంతలోంచి రక్తనాళంలోకి సన్నటి తీగ, ఆ తీగ ఇవతలి కొసన డాక్టర్ హరినాథ్. పుట్టగానే మూసుకుపోవాల్సిన చిన్న గొట్టం ఒకటి ఈ పిల్ల గుండె పక్కన మూసుకోలేదు. ఛాతీ కొయ్యకుండా, తొడలోంచి పోయి, సీసాకి బిరడా పెట్టినట్టు చిన్న బిళ్ళతో దాన్ని మూసెయ్యాలి. అది ఆయన పని. ఆ పని అయ్యేదాకా పాప కదలకూడదు, నొప్పి తెలియకూడదు, భయపడకూడదు, ఊపిరి మాత్రం మానకూడదు. అది ఫేబీ పని. ఆమె మత్తు డాక్టరు.

కబురు తెచ్చిన సిస్టర్ భానుప్రియ ఇంకా వెనకే నిలబడి ఉంది. పైఅంతస్తు ఆపరేషన్ థియేటర్లో పిత్తాశయంలో రాళ్ళ కేసు సిద్ధంగా ఉందట. ఎవరో కాంట్రాక్టరుగారి బావమరిది, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా లేక చిరాకు పడుతున్నాడట. ఆస్పత్రి మేనేజరు నరేంద్రబాబుగారు మేడమ్ని పది నిమిషాలు పైకొచ్చి ఆయనకి మత్తు ఇచ్చి పొమ్మంటున్నారు. అందాకా ఇక్కడ పాపని సిస్టర్ చూసుకుంటుందట.

"ఏం చెప్పమంటారు మేడమ్?"

"పాప లేచాక వస్తానని చెప్పు."

"అట్టా చెప్తే నన్ను తిడతారు మేడమ్."

"నా మాటగా చెప్పు. నన్నే తిడతారు."

భానుప్రియ చెప్పులు నేలకి రాసుకుంటూ పోయిన చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు, మళ్ళీ మిషన్ల రొద. పది నిమిషాలు. పది నిమిషాలంటే వీళ్ళకి కిందికి పోయి టీ తాగి వచ్చేంత. నాలుగేళ్ళ పిల్లకి ఊపిరి ఆగితే పది నిమిషాలు అక్కర్లేదు, అందులో సగం సగం కూడా అక్కర్లేదు. పెద్దవాళ్ళ ఒంట్లో గాలి నిలవుంటుంది, గాదెలో ధాన్యం మాదిరి. పిల్లల ఒంట్లో ఆ పూటకే ఉంటుంది, కూలికి పోయి కొంగున కట్టుకొచ్చిన నూకలు. ఆ మాట ఆ కాంట్రాక్టరుకి చెబితే అర్థమవుతుందా. అయినా ఆయనకెందుకు చెప్పాలి, బావమరిది పొట్టలో ఆ రాళ్ళు ఎన్నేళ్ళుగా ఉన్నాయో, ఇంకో గంట ఉంటే అవేమైనా గుడ్లు పెడతాయా. నవ్వొచ్చింది. నవ్వు మాస్కు లోపలే ఉండిపోయింది. కళ్ళు మాత్రం తెర మీద నుంచి కదల్లేదు. పాప ముక్కు దగ్గర పెట్టిన వెంట్రుకంత గొట్టం ఒకటి వదిలిన ఊపిరినల్లా పట్టుకుపోతోంది, వదిలినప్పుడల్లా తెర మీద చిన్న దిబ్బ లేస్తోంది. దిబ్బ, చదును, దిబ్బ, చదును. మైపాడు సముద్రపు ఒడ్డు ఇసుకలో పిల్లలు వరసగా కట్టే గుళ్ళలాగా. ఆ పక్కనే ఆక్సిజన్ అంకె. అందరూ ఆ అంకెనే చూస్తారు. అది తొంభైతొమ్మిది ఉంటే చాలు, గుండెల మీద చేతులేసుకుని బయటికి పోతారు. ఆ అంకె పొరుగూరి నుంచి నడిచొచ్చే కబురు. అది చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. దిబ్బ లేవకపోతేనే తెలియాలి. దిబ్బని చూడాలంటే ఒకరు కూర్చోవాలి.

మందు ఎవడైనా ఇస్తాడమ్మా, ఇచ్చాక కూర్చునేవాడే మత్తు డాక్టరు. జయరామయ్య సారు మాట అది. తిరుపతిలో పీజీ చదివేటప్పుడు, ఆయన థియేటర్లో స్టూలు మీద ముడుచుకుని కూర్చుంటే, గోడకి చేరేసిన గొడుగేమో అనుకునేవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు. గంటలు గంటలు మాట ఉండేది కాదు. ఒక చెయ్యి ఎప్పుడూ పేషంటు దవడ కిందే ఉండేది, అదేదో అక్కడే మొలిచినట్టు. సర్జన్లు క్రికెట్ మాట్లాడుకునేవాళ్ళు, పాటలు పెట్టుకునేవాళ్ళు. బయటికొచ్చాక చుట్టాలు సర్జన్ల కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళు. సారు మాత్రం పక్క తలుపులోంచి పోయి సైకిలు స్టాండు తీసేవాడు. మీకెప్పుడూ బాధనిపించదా సార్ అని ఒకసారి అడిగింది. ఎందుకమ్మా, వాళ్ళ కొడుకు లేచి కూర్చుని నీళ్ళడిగాడు కదా, ఇంకేం కావాలి, అన్నాడు. ఆయన అంత మంచివాడు. ఆమె అంత మంచిది కాదు. ఆమెకి కోపం వస్తుంది. ఇప్పుడూ వస్తోంది, మెడ వెనక నుంచి వేడిగా పాకుతోంది. ఈ గదంతా చలి, మిషన్లు వేడెక్కకూడదని ఏసీ అట్లా పెడతారు, పాపకి కప్పిన వెచ్చటి గాలి దుప్పటి తప్ప అన్నీ చల్లగానే ఉన్నాయి. ఈ చలి ఆమెకి కొత్త కాదు. నాన్న తిమోతి మైపాడులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో ఆమెకి అదే ఊటీ. గోనెపట్టా మీద కూర్చుని, ఊక పోసిన ఐసు దిమ్మలకి వీపు ఆనించి, పళ్ళు టకటకమంటుంటే లెక్కలు చేసుకునేది. బయట ఇసుక కాలిపోతుండేది. పడవలొచ్చేసరికి నాన్న దిమ్మల్ని సుత్తితో పగలగొట్టి బుట్టలకెత్తేవాడు. అప్పుడే దించిన చేపలు గట్టున నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండేవి. అన్నిటికన్నా చివర ఊపిరి మానే చేప ఏదని తమ్ముడితో పందెం కాసేది. ఏం పిల్లలో, ఊపిరితో పందేలు.

గోడ మీది స్పీకరు గరగరమంది. గాజు అద్దం అవతల గదిలో మైకు నొక్కి నరేంద్రబాబు మాట్లాడుతున్నాడు. స్వయంగా దిగొచ్చాడన్నమాట.

"మేడమ్, పైన అంతా రెడీ. పాప స్టేబుల్‌గానే ఉందిగా. వచ్చి పోండి, లిఫ్టు ఆపి పెట్టినాను."

ఆమె తల తిప్పలేదు. హరినాథ్ తీగ మీద నుంచి కళ్ళెత్తకుండానే, "పర్వాలేదు మేడమ్, అంతా బావుంది, వెళ్ళిరండి కావాలంటే," అన్నాడు. చెడ్డవాడు కాదు. చెన్నై నుంచి వారానికొకసారి వస్తాడు, పిల్లల గుండెకాయల్లో ఆయన చేతులు దారి తప్పవు. సాయంత్రం రైలు అందుకోవాలి, అందుకే మేనేజరుతో మాటా మాటా పెరగడం ఆయనకి ఇష్టం ఉండదు.

"మీరు ఆ తీగ వదిలి పది నిమిషాలు వెళ్ళొస్తారా డాక్టరుగారూ?" అంది ఫేబీ.

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి. స్పీకరు టక్కుమని ఆగిపోయింది. సరే, మొదలైంది, అనుకుంది. ఉద్యోగంలో చేరిన రోజే చెప్పింది, పిల్లల కేసులో ఒక బిడ్డకి ఒక డాక్టరు, బల్ల ఎక్కినప్పటి నుంచి తల్లి ఒళ్ళోకి పోయేదాకా. నరేంద్రబాబు తలూపాడు. తలూపడంలో ఆయనకి ఆయనే సాటి. నెల్లూరులో ఇదంతా ఎవురు చేస్తారు మేడమ్ అని నవ్వాడు కూడా. నెల్లూరు పిల్లలకి ఊపిరితిత్తులు వేరే ఉంటాయా. చెన్నై పిల్లకైతే ఒక డాక్టరు, వెన్నెల మాదిరి కోట ఊరి నుంచొచ్చిన పిల్లకైతే సగం డాక్టరు, అంతేనా లెక్క.

పొద్దున ఆ కోట వాళ్ళు ముగ్గురూ వరండాలో బెంచీ మీద ఒకళ్ళకొకళ్ళు అతుక్కుని కూర్చుని ఉన్నారు, వానకి తడిసి. సముద్రంలో వాయుగుండం, రెండ్రోజులుగా ఒకటే ముసురు. తల్లి దుర్గ చీరకొంగు పిల్ల తల చుట్టూ చుట్టింది. ఆమె ఒకే ఒక్కటి అడిగింది. గుండె గురించి కాదు, బిళ్ళ గురించి కాదు, రక్తం గురించీ కాదు. "మళ్ళా నిద్ర లేస్తాది గదా డాక్టరమ్మా?" అంది. అందరు తల్లులూ అదే అడుగుతారు. కొందరు అడగలేక అడుగుతారు, కొందరు అడక్కుండా చేతులు పట్టుకుంటారు. లేస్తుందమ్మా, లేచేదాకా నేను దాని తలాపునే ఉంటాను, ఎక్కడికీ పోను, అని చెప్పింది ఫేబీ. తండ్రి పెంచలకృష్ణ రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. భార్యకి ధైర్యం చెబుదామని, "మా గుంటకాడా అంతేమే. నీళ్ళలో గాలి కలిపే ఫ్యాన్లు తిరిగినంతసేపు నేను మేలుకోనుండాల్సిందే. కరెంటు పోయినప్పుడు కన్ను మూస్తే తెల్లారేసరికి గుంటంతా చచ్చి తేలతాది," అన్నాడు. అనేశాక దేన్ని దేనితో పోల్చాడో తెలిసి, మొహం నల్లబడి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఫేబీకి ఆ మనిషి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. తర్వాత దుర్గ పిల్లని ఎత్తుకుని తలుపుదాకా వచ్చింది. చేతి మీద ముందే తిమ్మిరెక్కే మందు రాసి ఉంచారు కాబట్టి సూది సంగతి పిల్లకి తెలియలేదు. తెలిసిందల్లా ఇడ్లీ పెట్టకపోవడం, దాని మీద ఉంది కోపమంతా. నిద్రొస్తోందా తల్లీ అంటే, "నాకేం నిద్ర రాలా," అంది కళ్ళు పెద్దవి చేసి. "నాకేం నిద్ర..." అంది మళ్ళీ. ఆ మాట సగంలోనే తల అమ్మ భుజం మీద వాలిపోయింది. వాలిన పిల్లని చేతుల్లోంచి తీసుకుంటుంటే దుర్గ వేళ్ళు ఒక పట్టాన విడిపడలేదు. అంత గట్టిగా పట్టుకున్నదాన్ని నా చేతుల్లో పెట్టింది. నేను దీన్ని ఇంకొకళ్ళ చేతుల్లో పెట్టి లిఫ్టెక్కాలి.

భానుప్రియ మంచి పిల్ల. చురుకైనది. కానీ తీగలందించాలి, మందులు తియ్యాలి, రాసుకోవాలి, ఫోనెత్తాలి. ఆమెకి రెండే కళ్ళు. తప్పు జరిగితే మాత్రం ఆమె మెడకే చుట్టుకుంటుంది. అదీ ఒక దుర్మార్గం. పెద్దవాళ్ళు కుర్చీలోంచి లేచిపోయి, చిన్నవాళ్ళని ఆ కుర్చీకి కట్టేసి పోవడం.

అట్లా లేచిపోతే ఏమవుతుందో చూడాలంటే ఆమె ఊళ్ళో గిద్యోను ఉన్నాడు, తొమ్మిదేళ్ళు ఇప్పుడు. మైపాడు చర్చిలో కిటికీ పక్కన వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంటాడు. కూర్చోడు, కూర్చోబెట్టుకుంటుంది. కాళ్ళు నేలని తగులుతుంటాయి, అయినా చంటిపిల్లాడిలాగా చంకనేసుకుని వస్తుంది. మాట లేదు. పాట మొదలైతే మాత్రం గొంతులోంచి ఏదో సన్నగా తీస్తాడు, అది పాటే. పుట్టుకతో అట్లా కాదు. రెండేళ్ళప్పుడు గోడ మీద నుంచి పడితే తలకి స్కానింగ్ తియ్యాలని ఏదో ఊరు తీసుకుపోయారు. ఒకసారి కొబ్బరిచెట్ల కింద నిలబడి ఆ తల్లి చెప్పింది. "నిద్రమందు తాపినారు, నిద్రపోలా. మళ్ళా తాపినారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. నేను తలుపు సందులో నుంచి చూస్తే లోపల ఎవురూ లేరమ్మా, నా బిడ్డ ఒక్కడే ఉండాడు." స్కానింగులో తలకి దెబ్బేమీ లేదట. తెల్లగా, శుభ్రంగా ఉందట. మెదడు పాడైంది ఆ తర్వాత, ఆ గదిలో ఊపిరి ఆగి. అది చెప్పి ఆమె, అంతా దేవుని చిత్తం, అంది. ప్రార్థనలో పాస్టరుగారు కూడా ప్రతివారం అదే అంటారు, ఈ బిడ్డ విషయంలో నీ చిత్తమే నెరవేరింది ప్రభువా అని. అందరూ ఆమెన్ అంటారు. ఫేబీ అనదు. ఆమెకి విశ్వాసం లేక కాదు, ఉండబట్టే అనదు. దేవుడు తెల్లకోటు తగిలించుకుని టీ తాగడానికి పోలేదు. మనుషులు పోయారు. మనుషులు చేసినదాన్ని తీసుకుపోయి ఆయన నెత్తిన రుద్దితే ఆయన మాత్రం ఊరుకుంటాడా. ఏదో ఒక ఆదివారం లేచి నిలబడి ఈ మాట అనేస్తుంది. అందరూ తిరిగి చూస్తారు. చూడనీ.

గుడ్డల కింద పాప కాలు సన్నగా కదిలింది. హరినాథ్ లావుపాటి గొట్టం లోపలికి పంపుతున్నాడు, అది మత్తులోనూ తెలుస్తుంది. "మత్తు కొంచెం లోతుగా," అన్నాడు. ఫేబీ పంపులోంచి మందు ఇంకొంచెం వదిలింది. ఇప్పుడు చూడు, అని తనకి తానే చెప్పుకుంది. మందు ఇచ్చిన వెంటనే ఏమీ కాదు. అది రక్తంలో తిరిగి, తలకెక్కి, దవడ కండరాన్ని మెత్తబరచడానికి కాస్త వ్యవధి ఉంటుంది. తుంటరి పిల్లవాడు తలుపు చాటున దాక్కుని, నువ్వు వెనుదిరిగాక బయటికొచ్చినట్టు. ఆమె వెనుదిరగలేదు. దిబ్బ. చదును. దిబ్బ, కొంచెం పొట్టిది. చదును. గుడ్డ కింద ఛాతీ లేస్తూనే ఉంది, పొట్ట లేస్తూనే ఉంది, కానీ పొట్ట లేచినప్పుడు ఛాతీ లోపలికి పోతోంది, ఏతాం మాదిరి. చదును. ఇంకా చదును. తెర మీద సముద్రం లేని ఇసుక. అంకె తొంభైతొమ్మిది. ఎక్కడా ఏ మోతా లేదు, ఏ ఎర్రదీపమూ లేదు, గదిలో ఎవరికీ ఏమీ తెలియదు. నాలుక వెనక్కి జారింది. ఆమె వేళ్ళు అప్పటికే దవడ మూలల వెనక ఉన్నాయి, పైకెత్తాయి, మెత్తగా, గట్టిగా, కోడిగుడ్డు ఎత్తినట్టు. రా తల్లీ. ఏమీ లేదు. రా. ఇంకాస్త ఎత్తింది, మెడ కొంచెం వెనక్కి వాల్చింది. లోపల ఎక్కడో తలుపు తెరుచుకున్నట్టు చిన్న గురక. తెర మీద దిబ్బ. పొడుగైన, అందమైన, ఇంత ఎత్తు దిబ్బ. దాని వెనకే ఇంకొకటి. ఫేబీ భుజాల కింద గుడ్డచుట్టని సరిచేసి, దవడ కింద చెయ్యి మాత్రం తియ్యకుండా కూర్చుంది. ఎంతసేపు పట్టిందది, పరలోక ప్రార్థన మొదటి మాటలు పలికేంత. అంకె తొంభైతొమ్మిది నుంచి దిగనే లేదు.

అప్పుడు తలెత్తింది. గాజు అద్దం అవతల నరేంద్రబాబు చేతులు కట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. అంతసేపూ చూస్తూనే ఉన్నాడు. ఏం కనపడి ఉంటుంది ఆయనకి. ఒకామె కుర్చీలో కూర్చుని పిల్ల గడ్డం నిమిరింది. అంతే. పైన పేషంటు ఎదురుచూస్తుంటే ఈవిడ ఇక్కడ పిల్ల గడ్డం నిమురుతోంది. నిజమే, ఏమీ జరగలేదు. ఆమె వృత్తి అంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఏమీ జరగకుండా ఉండటానికి ఒక మనిషి కూర్చోవాలి, కూర్చుంటే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి ఎందుకు కూర్చోవడం అంటారు. ఈ గుండ్రటి వాదంలోంచి ఎవరినీ బయటికి లాగలేం. గిద్యోనుని తెచ్చి ఈ అద్దం ముందు కూర్చోబెట్టాలి. ఛీ, ఆ బిడ్డని సాక్ష్యానికి వాడతానా.

అయితే ఇంకోటి కూడా ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. వీళ్ళు నన్ను ఉద్యోగంలోంచి పొమ్మంటే ఏమవుతుంది. ఈ కుర్చీలో ఇంకొకరొస్తారు, లిఫ్టెక్కి దిగే రకం. లేదంటే పిల్లల కేసులే మానేస్తారు, అప్పుడు కోట వాళ్ళు, మైపాడు వాళ్ళు బిడ్డల్ని చంకనేసుకుని సరిహద్దులో తడ దాటి చెన్నై పోవాలి, పోలేనివాళ్ళు పోరు, ఆ గొట్టాలు అట్లాగే తెరుచుకుని ఉంటాయి. ఈ పది నిమిషాలకి ఒప్పుకుంటే రేపటి పిల్లలందరి దగ్గరా నేనుంటానుగా. రేపటి పిల్లలు. తెలివైనవాళ్ళంతా ఇట్లానే లొంగిపోతారు, చాలామంది బాగు కోసం. ఈ పిల్ల ఆ చాలామందిలో లేదా. ఇందాక ఈ పిల్ల నాలుక వెనక్కి జారిన సంగతి రేపటి పిల్లలకి చెప్పి క్షమాపణ అడగనా. లేదు. ఈ పూటకి ఈ పిల్లే. రేపు ఇంకో పిల్ల, అప్పుడూ ఇదే మాట. పొమ్మంటే గేటు దాకా గొడవ పడి పోతాను, మెల్లగా తలొంచుకుని పోయే రకం కాదు మాది.

కాదు మరి. అమ్మ ఎలిశబెతుది ఏ రకమని. మైపాడు చర్చిలో ముందు వరసలో నాలుగు కుర్చీలుండేవి, సంఘ పెద్దలకి. ఆడవాళ్ళకి చాపలు. అమ్మకి మోకాళ్ళు వాచి ఉన్న రోజులు. ఒక ఆదివారం పోయి ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది, పాటల పుస్తకం తెరిచింది. పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎలిశబెతమ్మా, అది పెద్దలది, అన్నాడు. అమ్మ పాట అందుకుంది. పాట మధ్యలో లెమ్మనడం మర్యాద కాదు కదా, ఆయన ఆగాడు. చరణాలన్నీ అయిపోయాయి. ఆయన నోరు తెరిచేలోపు అమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ పల్లవికి వచ్చింది. సంఘమంతా ఆమె వెనకే పాడాల్సి వచ్చింది, మూడోసారి కూడా. చివరికి పెద్దాయనే పోయి పక్కనున్న బడిలోంచి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చేటప్పుడు దారంతా నాన్న నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. నా మోకాళ్ళు నాకు నొప్పి, ఆయన పెద్దరికానికి నొప్పి లేదుగా, అంది. ఆమె కడుపున పుట్టి నేను లేస్తానా.

"బిళ్ళ కూర్చుంది," అన్నాడు హరినాథ్. ఎక్స్‌రే తెర మీద గుండె పక్కన, తీగ కొసన, బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు నల్లగా నిలబడింది. రంగు మందు ఎక్కించి చూశాడు, గొట్టంలోంచి ఒక్క బొట్టు కూడా అటు కారడం లేదు. తీగ మెలితిప్పి వదిలాడు. బిళ్ళ పిల్లదైపోయింది. ఆ పిల్ల పెరిగి, పరిగెత్తి, పెళ్ళి చేసుకుని, ముసలిదైపోయేదాకా అది అక్కడే ఉంటుంది. ఆయన తొడ దగ్గర నొక్కిపట్టి నిలబడ్డాడు. ఫేబీ మందు ఆపింది. ఆపినంత మాత్రాన అయిపోలేదు, ఇప్పుడే అందరూ చేతులు దులుపుకునేది, ఇప్పుడే చాలామంది పిల్లలు జారిపోయేది. నొప్పి పోయాక ఒంటికి మత్తే మిగులుతుంది.

స్ట్రెచరు పక్కనే నడిచింది, చెయ్యి దవడ కిందే ఉంచి. పక్క గదిలో మంచం మీదికి మార్చాక దుర్గని పిలిపించింది. ఆమె వచ్చి పిల్లని చూసి, ముట్టుకోవచ్చా అని కళ్ళతో అడిగింది. "ముట్టుకో. కుడి కాలు మాత్రం ముడవనీకు," అంది ఫేబీ. సీసపు కోటు, మాస్కు తీసేసి, ఇంకో స్టూలు లాక్కుని మళ్ళీ తలాపునే కూర్చుంది.

నరేంద్రబాబు లోపలికొచ్చాడు.

"ఆ పేషంటు వేరే ఆస్పత్రికి పోయినాడు మేడమ్."

"పోనివ్వండి. రాళ్ళు అక్కడా తీస్తారు."

"చైర్మన్‌గారికి నేనేం చెప్పాలి? అక్కడ నిలబడి నా కళ్ళతో చూసినా. మీరు ఊరికే కూర్చోనుండారు."

"అవును. అదే చెప్పండి."

ఆయన ముఖం ఎర్రబడింది. వచ్చే సోమవారం నుంచి ఇంకో డాక్టరు వస్తున్నాడని, ఆయన రెండు చోట్లా చూసుకుంటానని ఒప్పుకున్నాడని చెప్పాడు. చెప్పి, ఆమె ముఖంలో ఏం కనపడుతుందోనని చూశాడు.

"ఆయన నంబరివ్వండి," అంది ఫేబీ.

"ఎందుకు?"

"నేను మాట్లాడాలి. సోమవారం మూలాపేట బాబు కేసు ఉంది. ఆ తల్లిదండ్రులతో కూడా మాట్లాడతాను. మత్తు ఇచ్చాక లోపల ఎవరు కూర్చుంటారని అడగమంటాను. ప్రతి తల్లినీ అడగమంటాను. జవాబు మీరే చెబుదురుగాని."

"బెదిరిస్తా ఉండారా మేడమ్?"

"లేదండీ. మెల్లగా మాట్లాడండి, పాప నిద్రలో ఉంది."

తలుపు దగ్గర సీసపు కోటు విప్పుకుంటున్న హరినాథ్ అంతా విన్నాడు. గడియారం చూసుకున్నాడు. పోబోయి ఆగి, "మధ్యలో దవడ ఎత్తారు కదూ," అన్నాడు. ఎత్తానంది. ఆయన తలూపాడు. "నరేంద్రగారూ, మీరు నన్ను స్టేషన్లో దింపండి. సోమవారం గురించి దారిలో మాట్లాడాలి," అని ముందుకి నడిచాడు. ఏం మాట్లాడతాడో తెలియదు. ఆయన మాట మీద తను ఆధారపడి లేదు. ఏం మాట్లాడినా, సోమవారం పొద్దున్నే ఆమె వస్తుంది, మూలాపేట బాబు తలాపున స్టూలు వేసుకుంటుంది. ఆపేవాళ్ళు ఆ బాబు తల్లి ముందే ఆపాలి.

కిటికీ మీద వాన జోరు పెరిగింది. పెంచలకృష్ణ తలుపు సందులోంచి ముఖం పెట్టి చూస్తున్నాడు, లోపలికి రమ్మన్నా రాడు. దుర్గ పిల్ల అరికాలు పట్టుకుని ఏదో గొణుక్కుంటోంది. వెన్నెల కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి. ముందు ఒక మూలుగు, తర్వాత ఒక ఏడుపు, ఆ ఏడుపు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి పోయింది, ఆస్పత్రి అంతా వినపడాలన్నట్టు. కళ్ళు తెరిచింది. ఎదురుగా డాక్టరమ్మ కనపడింది. తనని ఆకలితో పడుకోబెట్టిన మనిషి ఇదిగో, ఇక్కడే, ఇంత దగ్గర్లో ఉంది. ఎడమ చెయ్యి విసిరి ఫేబీ చెంప మీద ఫెళ్ళున ఒకటి ఇచ్చింది.

"అయ్యో, డాక్టరమ్మని కొడతావేందే," అని దుర్గ ఆ చెయ్యి పట్టుకోబోయింది.

"పట్టుకోకు. కొట్టనీ," అంది ఫేబీ. చెంప చురచుర మండుతోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి దెబ్బకే అనుకోనీ. వేళ్ళు చలికి గడ్డకట్టిపోయి ఉన్నాయి, నడుము పట్టేసింది, ఆమెకి ఇంత హాయిగా ఎన్నాళ్ళ కింద అనిపించిందో గుర్తు లేదు. పాప ముడవబోతున్న కుడి మోకాలి మీద ఒక చెయ్యి ఆనించి, ఇంకొంచెం ముందుకి వంగి, రెండో చెంప కూడా పాప వైపు తిప్పింది.